మిరపకోతల్లో మా బడి

ఫిబ్రవరి 3, మంగళవారం
మళ్లీ గుండె దడ. బీపీ మాత్ర వేసుకునే బడికి బయల్దేరాను. సగం బెంచీలు ఖాళీ... మిరపకోతలు మొదలయ్యాయి, రాని పిల్లలంతా తల్లులతో చేలోకే. ఎంఈఓ గారు ఫోన్లో — "సోమవారం వస్తానమ్మా. హాజరు ఇలాగే ఉంటే పక్కూరి బడిలో కలిపేస్తాం." హైవే దాటి అంత దూరం వెళ్తారా వీళ్లు? మానేస్తారు.
అన్నం ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో — అన్నీ యాప్‌లో ఎక్కించాను. పాఠం ఎప్పుడు చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఫిబ్రవరి 4
వంట చేసే మరియమ్మ నా ముఖం చూసి గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. చల్లగా ఉండాలి ఈ తల్లి.

ఫిబ్రవరి 5
పొద్దున్నే కళ్లానికి వెళ్లాను, పిల్లల్ని పిలుచుకొద్దామని. మిరపకాయల రాశి పక్కన మా ఐదో తరగతి షాహీనా, ఒళ్లో చంటి తమ్ముడు. కూలీలను ఆటోలో తీసుకొచ్చే మేస్త్రమ్మ నాగేంద్రం గట్టిగా అడిగేసింది — "తల్లులు కోతకొస్తే పసోళ్లని ఎవురు సూత్తారు మేడం? ఈళ్లేగా!"
ఊరికే నిలబడలేక రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాను. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నదాన్ని... బుద్ధుండాలి!
బడికొచ్చి మా టీచర్ల హాజరు యాప్ ముందు ముఖం పెడితే గుర్తుపట్టదే. కళ్లు బూరెల్లా వాచాయి మరి. మళ్లీ పెట్టాను. మళ్లీ. ఆలస్యం పడింది. ఏడ్చేశాను — నింద మిరపకాయ మీదకు నెట్టాను.
హెడ్మాస్టరు కరీముల్లా గారు అన్నారు — "ఫోనుకు తెలియకపోతే పోనీండమ్మా, మీరెవరో మాకు తెలుసుగా."
ఈ ఒక్క మాట కోసమే ఇంకో ఏడాది పనిచేయొచ్చు.

ఫిబ్రవరి 6
దారిలోనే కూలీల ఆటో ఆపించి నాగేంద్రాన్ని అడిగాను — పసివాళ్లనూ బడికే పంపితే? నమ్మలేదు. "నిజంగానా మేడం?" కరీముల్లా గారు రూల్సు గురించి కాసేపు తల గోక్కుని, సరే అన్నారు. మరియమ్మ — "నే సూసుకుంటాగా."

ఫిబ్రవరి 9, సోమవారం
ఆటో బడి ముందే ఆగింది! పెద్దపిల్లలు, వాళ్ల చంకల్లో పసివాళ్లు. వరండాలో చీర ఉయ్యాల. బెంచీలన్నీ నిండాయి. మనసులోనే ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.
ఎంఈఓ గారు వచ్చారు. ఉయ్యాల దగ్గరే ఆగిపోయారు. "ఇది బడేనా అమ్మా?"
"బడేనండి." నిండిన బెంచీలు చూపించాను.
తలలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు. రిపోర్టులో ఏం రాస్తారో...
ఇప్పుడు గుర్తొచ్చింది — పొద్దున మాత్రే వేసుకోలేదు.