తువ్వాలు లేని మొహం

అమ్మా,

నేను బాగానే ఉన్నా, తిండికి లోటు లేదు. ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని కార్డు రాస్తున్నా.

వచ్చే ఏడాది మా కాలేజీ పెయింటింగ్ స్టూడియోలో సీటు కావాలంటే గీసిన బొమ్మలన్నీ ఫైల్లో పెట్టి చూపించాలి. మిరప కల్లంలో మీరంతా తాలుకాయలు ఏరుతుంటే గీసినవే పెట్టా. మా సారు అన్నీ తిరగేసి, "చేతులు బాగా గీశావు. మొహాలు గీయడం రాదా నీకు, అందరికీ గుడ్డలు కట్టి దాచావు?" అన్నాడు. కాయ ఘాటుకి ముక్కూ నోరూ చుట్టుకోకుండా కల్లంలో ఎవరు కూర్చుంటారు సార్ అన్నా. ఒప్పుకున్నాడు గానీ, మొహం కనపడే బొమ్మ ఒక్కటన్నా ఉండాలన్నాడు. సోమవారమే ఆఖరు.

శనివారం బస్సుకి గురజాల వస్తా. ఆదివారం నువ్వు పనికి పోబాక. మేస్త్రి సుకన్యత్తకి ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటది. కాయలు ఎండినయ్యా? ఇక్కడ మబ్బు పట్టింది, కాయల మీద కప్పే పట్టాలు దగ్గర పెట్టుకోండి. నాన్న దగ్గు మందు తాగుతున్నాడా? పెద్దమ్మని అడిగానని చెప్పు.

నిన్న నిన్ను తలుచుకుని గీద్దామని కూర్చున్నా. కళ్ళు నీవే పడినయ్. మూతి మాత్రం ఎన్నిసార్లు చెరిపినా, తువ్వాలు కిందికి లాగి మీ మీద అరుస్తా ఉండే సుకన్యత్తదే వచ్చింది. ఆదివారం తువ్వాలు పక్కన పెట్టి కాసేపు గుమ్మంలో కదలకుండా కూర్చో. సీటు సంగతి సరే, నీ మొహం నాకు తెలియకపోతే ఎట్లా.

నీ కూతురు
గోపిక