గూట్లోనే వెలిగే దీపం

నాన్నకు,

నీ పెద్దమ్మాయి ఆ-యున్ నమస్కరించి రాస్తున్నది. డోంగ్‌గాంగ్‌లో అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ బాగానే ఉన్నావనుకుంటూ మొదలుపెడుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. వెనక డెక్ మీదకి వెళ్ళేటప్పుడు నడుముకి తాడు కట్టుకో. ఇవాళ్టి నుంచే కట్టుకో. ఎందుకో కింద రాస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తేగానీ అది రాయలేను.

అమ్మ మోకాలు తగ్గింది. తగ్గిందని తను అంటోంది, తెల్లారేసరికి మార్కెట్లో చేపల బల్ల దగ్గర నిలబడుతోంది గనక నేను నమ్మను. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "బతికే ఉన్నాడన్నమాట! సముద్రాన్ని కాచే మాజు తల్లికి వెలిగించిన అగరొత్తులు దండగ కాలేదు" అంది. కాసేపయ్యాక వచ్చి మళ్ళీ చదవమంది. వంటింటి కప్పు కారడం ఆగింది. నువ్వు పంపమన్న నొప్పి పట్టీలు, ఎండబెట్టిన ముల్లంగి ఈ పార్సిల్లోనే ఉన్నాయి. ముల్లంగి కెప్టెన్ కో గారికి కూడా కాస్త పెట్టమంది అమ్మ.

"రోజంతా ఎర్ర గుర్తులు చెరపడం కూడా ఒక ఉద్యోగమా?" అని వెక్కిరించావు కదా. మా దీపాల లోపలుండే కరెంటు బోర్డు తయారుచేసే ముందు దాని బొమ్మ కంప్యూటర్లో గీస్తాం నాన్నా. ఏ భాగానికి ఏ తీగ వెళ్ళాలో అందులో ఉంటుంది. గీశాక తనిఖీ చెయ్యమంటే ఆ ప్రోగ్రాం కొత్త కోడలి వంట చూసే అత్తగారిలా వచ్చి, తప్పు కనిపించిన చోటల్లా ఎర్ర బాణం పెడుతుంది. "ఈ భాగం కరెంటు కోసం చూస్తోంది, ఇచ్చేవాళ్ళెవరూ కనబడటం లేదు" అనేది దాని మామూలు ఫిర్యాదు. చాలాసార్లు అది వట్టి సణుగుడే. బ్యాటరీ బయటినుంచి వచ్చి తగులుకుంటుందని దానికి తెలీదు. అలాంటి చోట మేం చిన్న జెండా గుర్తు పెడతాం. కరెంటు ఇక్కడికి వస్తుంది, నాదీ పూచీ అని దానర్థం. బాణం వెంటనే మాయమవుతుంది. జెండా పెట్టినవాళ్ళ మాట అది నమ్మేస్తుంది, తిరిగి అడగదు.

నీ ఉత్తరంలో ఒకచోటు నేను మళ్ళీ మళ్ళీ చదివాను. "రోజూ పడుకునే ముందు నువ్వు చేసిన దీపాన్ని లైఫ్ జాకెట్ నుంచి తీసి, ఛార్జింగ్ గూట్లో పెట్టి మీట నొక్కుతాను. వెలుగుతుంది. నువ్వు పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. ఇదుండగా తాడెందుకని అది కట్టుకోవడం మానేశాను. ముసలాయనకి కూతురే తాడని కుర్రాళ్ళు నవ్వుతున్నారు" అని రాశావు. అమ్మ ఆ ఉత్తరాన్ని తలగడ కింద పెట్టుకుంది. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నాన్నా, ఆ దీపం గూట్లోనే వెలుగుతుంది. నువ్వు నీళ్ళలో పడితే దానంతటదే వెలగాలి, కానీ వెలగదు. ఓడకి కేక కూడా పంపదు.

గూట్లో ఉన్నంతసేపూ దానికి గూడే కరెంటు ఇస్తుంది. బయటికి తీశాక బ్యాటరీ ఇవ్వాలి. బ్యాటరీ నుంచి దీపానికి వెళ్ళాల్సిన తీగ మధ్యలోనే ఆగిపోయింది. ఊరికే నొక్కి బ్యాటరీ తినేస్తారేమోనని మీట గూట్లో మాత్రమే పనిచేసేలా పెట్టాం. అందుకే నీకు తెలిసే దారే లేదు.

మాకు తెలియాల్సింది. ఓడలకి పంపే ముందు ఒకదాన్ని బకెట్లో ముంచితే వెలగలేదు. పరీక్షలు చేసే ఆ-త్సాంగ్ తెలుసు కదా, పెళ్ళి భోజనంలో నీతో పందెం వేసి తాగి పడిపోయినవాడు. వాడు బల్ల మీద ఉన్న పచ్చ రంగు మొక్కజొన్న చిప్స్ పొట్లం తీసి చూశాడు. యంత్రాలు బుద్ధిగా ఉండాలని ఆ పొట్లం పెట్టని బల్ల మా దగ్గర ఉండదు. "తేదీ దాటిపోయింది! ఇంకెందుకు వెలుగుతుంది? అలిగింది!" అని పరుగెత్తి కొత్తది తెచ్చాడు. ఈలోగా నేను దీపాన్ని తుడిచి గూట్లో పెట్టాను. కొత్త పొట్లం బల్ల మీద పెట్టి మీట నొక్కితే భేషుగ్గా వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. పాత నమూనాలు నీళ్ళలో వెలిగినవే కదా అని మళ్ళీ బకెట్ జోలికి ఎవరూ పోలేదు.

మొన్న కొత్త రకం గీద్దామని పాత బొమ్మ తెరిచి, జెండాలన్నీ తీసేసి తనిఖీ పెట్టాను. ఒక్కో బాణాన్నీ చదివి సరిచూస్తూ వస్తే ఒక్కటి మాత్రం ఎంతకీ పోలేదు. తెర మీద గోటితో తీగ వెంట వెళ్తే ఖాళీ జాగాలో తేలాను. స్టోరులో మిగిలిన దీపాలన్నీ బకెట్లో వేశాను. ఒక్కటీ వెలగలేదు.

మా యజమాని షియే గారికి చెప్తే తలుపు మూశాడు. "కొత్త సంవత్సరానికి ఓడలన్నీ వచ్చేస్తాయి కదమ్మా. అప్పుడు చడీచప్పుడూ లేకుండా మార్చేద్దాం. ఇప్పుడు రేవంతా చాటితే మన గతేంటి?"

"ఆ దీపాల్లో ఒకటి మా నాన్న ఒంటి మీద ఉందండీ."

"అయితే మీ నాన్నకి చెప్పుకో. ఊరందరికీ ఎందుకు?"

నేను నేరుగా మీ ఓడ ఆఫీసుకే వెళ్ళి చెప్పాను. వాళ్ళు అప్పటికప్పుడు అన్ని ఓడలకీ కబురు పంపారు. కెప్టెన్ కో గారి నుంచి "అందింది" అని జవాబు వచ్చింది. అంతే. ఆయన కబుర్లు జేబులో పెట్టుకుని మర్చిపోతాడని నువ్వే కదా నవ్వేవాడివి. ఆయనకి అందిందా, నీకు అందిందా? మళ్ళీ అడగబోతే ఆ ఆఫీసు గుమస్తా విసుక్కున్నాడు. "చెప్పాం కదమ్మా! వాళ్ళు చేపలు పట్టాలా, నీతో ఫోన్లో కూర్చోవాలా?" షియే గారు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. ఈ ఉద్యోగం ఇంకెన్నాళ్ళో తెలీదు, అమ్మకి చెప్పలేదు.

ఇంతవరకూ "తీగ ఆగిపోయింది" అని, దానంతటదే ఆగిపోయినట్టు రాసుకొచ్చాను. అది అబద్ధం నాన్నా. బొమ్మలో ఒక భాగాన్ని పక్కకి జరుపుతూ తీగ ఊడగొట్టింది నేను. జెండా పెట్టిందీ నేనే. ఆ రోజు కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు, తెర మీద ఒక్క ఎరుపు కూడా కనిపించకూడదన్నారు. సణుగుడే కదా అని చదవకుండా వరసగా జెండాలు పెట్టుకుంటూ పోయాను. ప్రోగ్రాం సరిగ్గా ఆ చోటే వేలు పెట్టి చూపించింది. నాదీ పూచీ అని దాని నోరు మూయించాను. నువ్వు నమ్మినట్టే అదీ నన్ను నమ్మింది.

ఆ తీగ కలిపి చేసిన కొత్త దీపాలు ఈ పార్సిల్లో ఉన్నాయి, మీ అందరికీ సరిపడా. ఒక్కొక్కటీ నీళ్ళలో ముంచి చూశాను. అమ్మ కూడా ఒకటి పట్టుకెళ్ళి పాము చేపల తొట్టిలో వేసింది. అది వెలిగేసరికి బేరానికొచ్చిన ఆవిడ కెవ్వుమంది. అమ్మ పడీపడీ నవ్వింది. సాయంత్రం అన్నం తింటూ తింటూ ఆగి, "అయితే పాతదానికి ఏమైందే?" అంది. నేను పులుసు వేడి చేసే మిషతో లేచిపోయాను.

చేతికందగానే గూట్లో పెట్టకుండా బకెట్లో సముద్రపు నీళ్ళు పట్టి ముంచి చూడు. నేను చేశానని నమ్మకు. అప్పటిదాకా తాడు కట్టుకో. కుర్రాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఉత్తరం మొదట్లో నువ్వు బాగానే ఉన్నావనుకుంటున్నానని రాశాను చూడు, అదీ నేను చూడకుండా పెట్టిన జెండానే. ఈ పార్సిల్ తెచ్చే సరుకుల ఓడ తిరిగొచ్చేటప్పుడు నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపు నాన్నా, అప్పటిదాకా ఆ మాట కొట్టేసినట్టే అనుకో.

ఇట్లు,
నీ చేతిరాత కోసం రేవులో కాచుకునే కూతురు,
ఆ-యున్