పార్లమెంటులో వాడు అడిగిన ప్రశ్న

బుధవారం రాత్రి

పోయిన ఎన్నికల్లో మా రామమందిరంలో దండ వేయించుకుని, ఈ మలేసియా ఎస్టేట్ క్లినిక్‌కి డయాలిసిస్ మిషన్ తెస్తానన్నాడు మా ఎంపీ. ఆ కోపం నాకింకా దిగలేదు. మా ఆవిడ అప్పలమ్మ వారానికి మూడుసార్లు బస్సులో తెలుక్ ఇంటాన్ పట్నం ఆసుపత్రికి పోయి రక్తం కడిగించుకుని, దారంతా వాంతులు చేసుకుంటూ వస్తోంది. వాడేమో మళ్లీ ఓట్లకి నిలబడ్డాడు.

పార్లమెంటులో మాట్లాడిందంతా ఫోన్లో దొరుకుతుందని కోడలు చెప్పింది. అదంతా మలాయ్ భాషలో ఉంటుంది, నాకు చదవడం రాదు. వాడసలు నోరే తెరిచి ఉండడన్నాను. సాయంత్రం ఆమె వెతికి చదివింది.

"అడిగినాడు, మావయ్యా. రోగులు తక్కువ, ఇవ్వలేమని మంత్రి సెప్పినాడు. గెలిసిన మరుసటేడే."

"మరి మొన్న దీపావళికి కూడా వచ్చేత్తాదన్నాడు గదేటమ్మా?"

కోడలు ఫోన్ పక్కన పెట్టేసింది. లోపలి నుంచి అప్పలమ్మే అంది: "ఇంక నాను బస్సెక్కను. నన్నొగ్గియ్యండి."

మిషన్ వస్తుందని చెప్పే ఇన్నాళ్లూ దాన్ని బతిమాలి పంపాను. రేపు ఏం చెప్పి పంపాలి...

మంత్రి లేదన్న సంగతి మా దగ్గర ఎందుకు దాచాడు? ఆదివారం లోపు వాడు నా ఇంటికొచ్చి, అప్పలమ్మ ముందు నిలబడి చెప్పాలి.