మచ్చ లేని చర్మం

మార్కాపురం,
12 జూన్ 1978.

నాయనకు నాగేంద్రమ్మ ఇక్కడి నుంచే కాళ్లకు మొక్కి రాసేది.

ఈ ఉత్తరం పంతులుకిచ్చి చదివించుకోవద్దు నాయనా. ఆలస్యమైనా నువ్వే కూడబలుక్కుని చదువుకో. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తానని నీకు చెప్పాను. అది అబద్ధం. నేను పనిచేసేది కుష్టు నివారణ కేంద్రంలో. రోగుల చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, వచ్చిన రసాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం నా పని. ఈ పనిలో చేరింది అమ్మను వెతకడానికే.

అమ్మ దొరికింది. గిద్దలూరు అవతల కుష్టురోగుల కాలనీలో ఉంది. మన తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన ఏడాది, ఆమె నడుము మీద తెల్లమచ్చ చూసి ఊరు వెళ్లగొట్టింది. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. సెలవులకు వచ్చి అమ్మేదని అడిగితే, "చచ్చిపోయిందనుకో" అన్నావు. ఆ తర్వాత నిన్నెప్పుడూ అడగలేదు, జరిగింది ఊళ్లోవాళ్ల మాటల్లోనే తెలుసుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఆమె ఆ కాలనీలో వేళ్లు లేనివాళ్లకు జొన్నరొట్టెలు చేసిపెడుతోంది. ఆమె పది వేళ్లూ మాత్రం చక్కగా ఉన్నాయి.

అది చూశాకే నాకు అనుమానం వచ్చింది. కళ్లు మూసుకోమని మచ్చ మీద దూదిపోగుతో తాకితే, తగులుతోందని చెప్పింది. మా డాక్టరు ప్రభాకరరావుగారు మచ్చ అంచు నుంచి కందిగింజంత ముక్క తీశారు. దాన్ని కాగితం కన్నా పల్చటి పొరలుగా కోయించి ఇద్దరం చూశాం. కుష్టు అయితే నరాల చుట్టూ కణాలు గుమిగూడి ఉండాలి. అమ్మ చర్మంలో నరం దారప్పోగులా శుభ్రంగా ఉంది. క్రిమి ఒక్కటి కూడా లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలు మాత్రం కనిపించలేదు. అది బొల్లి నాయనా. ఎవరికీ అంటేది కాదు. ఏ రోగమూ లేని మనిషిని తీసుకెళ్లి రోగుల్లో పడేశాం.

వచ్చే నెల ఆమెను వెంటబెట్టుకుని వస్తాను. ఊరివాళ్ల ముందు డాక్టరుగారి కాగితం నేనే చదువుతాను. నువ్వు ఆమె పక్కన నిలబడు, చాలు.

నీ బిడ్డ,
నాగేంద్రమ్మ


మార్కాపురం,
30 జూలై 1978.

నాయనా,

పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. దీనికైనా రాయి.

అమ్మ రానంటోంది. కాగితం చూపిస్తే సంతోషిస్తుందనుకున్నాను. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసి, దాన్ని నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పెట్టింది. "రోగముందని ఆడ ఎల్లగొట్టినారు. లేదని తెలిస్తే ఈడ ఎల్లగొడతారు. యాడికి పోవాల నేను?" అంది. నేను తెచ్చిన మంచిమాట ఆమెకున్న ఆ ఒక్క గుడిసెను కూడా తీసేస్తుందని నాకు తట్టనేలేదు.

ఇంకో సంగతి ఉంది. పోయిన నెల కొమరోలులో మావాళ్లు క్యాంపు పెట్టినప్పుడు నీ చెవులు చూసి అనుమానించి, రసమూ వీపు మీది చర్మం ముక్కా తీసుకున్నారు కదా. అవి నా బల్ల మీదికే వచ్చాయి. పలక మీద నీ పేరు చూసి, పేరు ఒకటే అయిన వేరే మనిషి అనుకున్నాను. కింద ఊరు పేరు కూడా మనదే ఉంది.

నీలిరంగు మీద ఎర్రటి క్రిములు పుల్లల మోపుల్లా కట్టలు కట్టి ఉన్నాయి. లెక్కపెట్టడం మానేశాను. చర్మం ముక్కలో పైపొర కింద సన్నటి ఖాళీ చార, దాని కింద అంతా నురగలాంటి ఉబ్బిన కణాలు. డాక్టరుగారిని పిలిచి, రోగి ఎవరో చెప్పకుండా చూపించాను. ఆయన ఓపిగ్గా వివరించారు. మొదట్లో ఒంటికి బలం ఉంటుందట. కణాలు నరం చుట్టూ దడి కట్టి క్రిములను ఆపుతాయి. అప్పుడు క్రిములు కొద్దిగానే ఉంటాయి, పైన స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడుతుంది. మందు పడకపోతే కొందరిలో ఆ దడి చెదిరిపోతుంది. కణాలు క్రిములను మింగుతాయి గానీ అరిగించుకోలేవు. వాటి కడుపులోనే క్రిములు పెరుగుతాయి. ఇక మచ్చంటూ విడిగా ఉండదు. చర్మమంతా నున్నగా మెరుస్తుంది, చెవులు దళసరెక్కుతాయి, కనుబొమలు రాలతాయి. "ఇతనికి మొదలై ఏడెనిమిదేళ్లు దాటుంటుంది. అప్పుడే వచ్చుంటే బాగుండేది," అన్నారు.

నీ పెద్ద చెవులు చూసి అదృష్టవంతుడని ఊళ్లో అనేవాళ్లు నాయనా.

మందు ఉంది. బతికినన్నాళ్లూ మాత్రలు మింగాలి. చచ్చిన నరాలు మాత్రం తిరిగి రావు. వెంటనే బయలుదేరి రా. అమ్మకు ఇంకా చెప్పలేదు.

నాగేంద్రమ్మ


గిద్దలూరు కాలనీ,
17 సెప్టెంబరు 1978.

అమ్మా నాగేంద్రా,

నేను చెబుతుంటే కృపావరం రాస్తున్నాడు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినవాడు, ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాడు. నన్ను తన వసారాలో ఉండనిచ్చాడు. ఇక ఎవరి దగ్గరా దాచేదేమీ లేదు.

నీ రెండో ఉత్తరం నాకు కొత్త సంగతేమీ చెప్పలేదు. మీ అమ్మ మచ్చ బయటపడక ముందే నా తొడ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది. ఒకనాడు బీడీ నిప్పు దాని మీద పడి చర్మం కాలుతున్నా నాకు తెలియలేదు. వాసన వస్తే చూసుకున్నాను. ఏమిటో అర్థమైంది. పంచె కింద దాచుకున్నాను.

తర్వాత పెద్దలు మన ఇంటిముందు చేరి శ్రీశైలమ్మను పంపించెయ్యమన్నారు. ఆమె తరఫున మాట్లాడితే ఇంటిల్లిపాది ఒళ్లూ చూడాలంటారని భయపడ్డాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమె వెళ్లిపోయింది. ఆ మచ్చ మెల్లగా చర్మంలో కలిసిపోతే, తగ్గిందనుకున్నాను. ఆమెను పంపినందుకే తగ్గిందని కూడా అనుకున్నానమ్మా.

గొర్రెలను మా తమ్ముడి మందలో కలిపి, ఊరివాళ్లకు ఉన్నది చెప్పి వచ్చేశాను. ఎవరూ ఉండమనలేదు. నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లక నేరుగా ఇక్కడికే వచ్చాను. నేను వచ్చేసరికి మీ అమ్మ పిండి పిసుకుతోంది. అందరూ వింటుండగానే నా సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేతులు కడుక్కుని, "అప్పుడే ఆ మాట చెప్పుంటే ఇద్దరం కలిసే వచ్చేవాళ్లం గదా," అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఇరవై రోజులైంది. నా వంతు రొట్టె కృపావరం చేత పంపిస్తోంది. మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడదు కూడా.

మాత్రలు పంపు, మింగుతాను. నువ్వు ఇటు వస్తే ఆమె గుడిసెకే పో. నన్ను చూడకపోయినా ఏమీ అనుకోను.

కింద "మీ నాయన" అని రాయనా అని కృపావరం అడుగుతున్నాడు. పేరు చాలన్నాను.

యల్లయ్య