వంకర బంటు

ఆదివారం రాత్రి

చరణ్‌ని క్షమించను. రేపటికి మెత్తబడతానేమోనని ముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఈరోజు యలహంకలో మా ఇద్దరిలో ఎవరు గెలిస్తే వాళ్ళకే క్లబ్ చెస్ టీములో ఆఖరి చోటు. నావి తెల్ల పావులు. స్పానిష్ ఓపెనింగ్ రెండు నెలలు చదివి వెళ్ళాను. రెండో ఎత్తుకు నా గుర్రం అతని బంటు మీదికి వచ్చింది. అతను తన గుర్రాన్ని దానికి కాపు పెట్టాడు. ఆ బంటు గడి అంచు మీద వంకరగా ఉంది. నా చెయ్యి వెళ్ళి దాన్ని మధ్యకు జరిపింది. సర్దుతున్నానని ముందుగా చెప్పాలి, లేదంటే ముట్టుకున్న పావును చంపి తీరాలి. చెప్పలేదు. కాన్వెంటు బడిలో డెస్కు మీద స్కేలు వంకరగా ఉంటే సిస్టర్ వేళ్ళ మీద కొట్టేది. అప్పటి నుంచి నా చెయ్యి నన్నడగదు.

చరణ్ తీర్పు చెప్పే ఆర్బిటర్‌ని పిలిచాడు. "ముట్టుకునింది సార్. చంపాల్సిందే."

చంపాను. బదులుగా నా గుర్రం పోయింది, మూడో ఎత్తుకే. ఇంకో నలభై ఎత్తులు లాగి ఓడిపోయాను.

బయట టీ తాగుతూ అన్నాడు: "నీకు సర్దే పిచ్చి ఉండాది కదమ్మా. క్లబ్బులో రోజూ చూస్తానే ఉండా."

అంటే కావాలనే అలా పెట్టాడు. నేనేమో "కంగ్రాట్స్" అన్నాను. ఈ నోటిని ఏం చెయ్యాలి.

బుధవారం క్లబ్బులో మళ్ళీ అతనితోనే ఆట. నేనూ ఒక బంటును వంకరగా పెడదామనుకున్నాను. కానీ అతను సర్దే రకం కాదు. పైగా అది వంకరగా ఉంటే ముందు నేనే సర్దేస్తాను...