పిండితోనే చేశాను

మచ్చ బొల్లారం,
శ్రీరామనవమి మర్నాడు.

సౌభాగ్యవతి కామేశ్వరికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి అందరూ క్షేమం అని కూడా రాసుకోవచ్చు. పుణెలో నువ్వు, శ్రీలేఖ, అల్లుడు సుధీర్, మనవరాలు ధరణి, ఇంకా పేరు పెట్టని మన బుజ్జి మనవడు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా వచ్చింది కదా. దాని మూత అప్పుడే తియ్యకు. ముందు ఇది ఆఖరి దాకా చదువు.

ఫోన్ చేస్తే శ్రీలేఖ స్పీకర్ పెడుతోందనీ, మన మాటలు ఇల్లంతా వింటున్నారనీ నువ్వే ఉత్తరాలు మొదలుపెట్టావు. మంచి పనే చేశావు. ఈ సంగతి స్పీకర్‌లో చెప్పేది కాదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. కరివేపాకు మొక్కకి పుల్లమజ్జిగ పోస్తున్నాను, కొత్త చిగురు వేసింది. అన్నం ఇంట్లోనే వండుకుని కూరలు అల్వాల్ కర్రీ పాయింటులో తెచ్చుకుంటున్నాను. అక్కడ అన్ని కూరలకీ ఒకటే రుచి, కాబట్టి ఏం కొనాలా అన్న బెంగ లేదు. దేవుడి దగ్గర దీపం మానలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. "మా అమ్మ హల్వాకి గోధుమ పాలు ఎలా తీసేదో ఎందుకడిగారు? వంటింట్లోకి గానీ వెళ్తున్నారా? వెళ్తే స్నానం చేసే వెళ్తున్నారు కదా?" అని రాశావు. వెళ్తున్నాను కామేశ్వరీ. చెయ్యకుండానే వెళ్తున్నాను. పొరపాటున రాయలేదు, కావాలంటే ఇంకోసారి చదువుకో.

తుర్కపల్లిలో నేను ఇరవై నాలుగేళ్ళు చేసిన పని నీకు తెలుసు. మందు పొడి పోసుకునే క్యాప్సూళ్ళ ఖాళీ గొట్టాలు చెయ్యడం. పశువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసిన జెలటిన్‌ని వేడినీళ్ళలో కరిగించి, అందులో స్టీలు పుల్లలు ముంచి తీసి ఆరబెడితే అవి గొట్టాలవుతాయి. పనిలో చేరిన కొత్తలోనే ఆ మాట దాచకుండా నీకు చెప్పాను. ఆ రోజు నుంచీ కంపెనీ క్యాబ్ దిగి ఇంటికొస్తే చెప్పులు బయటే, బట్టలు బకెట్లో, నేను బాత్రూంలో. తల మీద నీళ్ళు పోసుకోకుండా నీ వంటింటి గడప తొక్కింది లేదు. చలికాలం లేదు, జ్వరం లేదు. నేను రిటైరై రెండేళ్ళయింది కానీ ఆ నియమం రిటైరవలేదు. కూరగాయల సంచీ గడప మీద పెట్టి, బిచ్చానికి వచ్చినవాడిలా "ఇదుగో" అనడం నాకు అలవాటైపోయింది.

నిన్ను తప్పు పట్టడం లేదు. నువ్వు పుట్టిన ఇంట్లో నీసు మాట కూడా చెవిన పడనివ్వరు. కానీ నా పని కూడా పనే. ఆ పని పెట్టిన తిండే మనం తిన్నాం, శ్రీలేఖ చదువుకుంది. ఆ పని చేసిన చేతుల్ని నేను సిగ్గుతో కడుక్కోలేదు, నీ మాట కోసం కడుక్కున్నాను. ఇది ఎప్పుడో చెప్పాల్సింది.

ఇప్పుడు ఆ డబ్బా కథ. పోయిన ఏడు సుధీర్ ఆఫీసు పని మీద ఇస్తాంబుల్ వెళ్ళి మిఠాయి తెచ్చాడు, గుర్తుందా? పాచికలంతేసి ముక్కలు, పైన తెల్లటి పొడి, కొరికితే సాగే పళ్ళ జెల్లీ. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "ఏమండీ, ఇందులో మీది ఉందా?" అని అడిగావు. మీది! ఆ జెలటిన్ ఏదో మా తాతలు పంచి ఇచ్చిన ఆస్తి అయినట్టు. డబ్బా మీద రాసిన భాష నాకు రాదు, తెలియదన్నాను. ముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేశావు. కానీ ఆ వారమంతా ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ మూత తీసి వాసన చూసి మూసేదానివి. నేను హాల్లోంచి చూశాను. ఆఖరికి పళ్ళ బుట్టతో మన వీధికి వచ్చే బాలనర్సమ్మకి ఇచ్చేశావు. అప్పుడే అనుకున్నాను, ఇది నీకు తినదగ్గట్టుగా నేను చేసి పెట్టాలని. నువ్వు ఊళ్ళో ఉంటే గడప దాటనివ్వవు. మనవడు పుట్టి నాకు తలుపు తెరిచాడు.

విచారిస్తే తెలిసిందేమిటంటే, తుర్కీవాళ్ళ అసలు మిఠాయిలో జెలటిన్ ఉండదు. పంచదార పాకం, పిండి, పళ్ళరసం, నిమ్మరసం. అంతే. నాకు నవ్వొచ్చింది. నల్ల ద్రాక్ష తెచ్చి ఉడికించి వడగట్టి, పాకం పట్టి, మొక్కజొన్న పిండి కలిపి పొయ్యి మీద పెట్టాను. చిక్కబడగానే మంట తగ్గించి దించేశాను. మర్నాటికి పళ్ళెంలో ఉన్నది మిఠాయి కాదు, ద్రాక్ష గంజి. మళ్ళీ చేశాను, మళ్ళీ గంజే. మూడోసారీ అంతే. బాలనర్సమ్మ ఆ పళ్ళెం చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏంది సార్ గిది? షామీర్‌పేట తోటల పండ్లు, నవనవలాడేటియి ఏరి తెచ్చిస్తుంటే గిట్ల ఖరాబ్ జేస్తున్నవ్? అమ్మొచ్చినంక నన్ను గూడ తిడ్తది."

తప్పెక్కడుందో నాలుగో రోజు తట్టింది. తప్పు నా ఉద్యోగంలో ఉంది. జెలటిన్‌ని మరగనిస్తే దాని పట్టు పోతుంది. కరగగానే మంట తగ్గించడం ఇరవై నాలుగేళ్ళుగా నా చేతికి పట్టిన అలవాటు. పిండికి సరిగ్గా తిరగేసి చెయ్యాలి, బుడగలొచ్చేలా ఉడికిస్తూ గంటకి పైగా కలపాలి. చేతిలో ఉన్న పనితనమే నన్ను చెడగొట్టింది. అప్పుడు మీ అమ్మగారి బందరు హల్వా గుర్తొచ్చి నీకు ఫోన్ చేశాను. "గోధుమలు నానబెట్టి రుబ్బి, పాలు పిండి తేరనివ్వాలి. ముద్ద గిన్నెని వదిలేసి గరిటెకి చుట్టుకునేదాకా చెయ్యి ఆపకూడదు" అన్నావు. మీ అమ్మగారు తుర్కీ చూడలేదు కానీ వాళ్ళ రహస్యం ఆవిడ గరిటెలోనే ఉంది. గోధుమ పాలతోనే చేశాను. చెయ్యి పడిపోయింది కానీ ముద్ద గిన్నెని వదిలింది. ఒక రోజు ఆరనిచ్చి, ముక్కలు కోసి, పంచదార పొడిలో దొర్లించాను.

మన కాలనీ రామనవమి పందిట్లో రోజుకొక ఇంటి నైవేద్యం కదా, ఎనిమిదో రోజు మనది. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి, ఈసారి మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరు కాబట్టి ఆ రోజు వేరేవాళ్ళకి ఇస్తామన్నాడు. ఇవ్వడానికి వీల్లేదన్నాను. ఆ రోజు పదకొండు గంటలకి పళ్ళెం పట్టుకుని పందిట్లోకి వెళ్ళాను. సెక్రటరీ భార్య సుశీల మూత తీసి చూసింది. మనిషి మంచిదే, నోరే కొంచెం పెద్దది.

"అన్నా, గిది జెల్లీ గదా? జెల్లీ అంటే బొక్కల పొడి. మీరు గా కంపెనీల జేసినోళ్ళే గదా, మీకు తెల్వదా? దేవునికి గిది పెడ్తరా ఎవరన్న?"

పందిరి మొత్తం నా వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండింది.

"తెలుసు కాబట్టే చెప్తున్నానమ్మా. ఎముకల జెల్లీని కరిగించి ఆరబెట్టడమే నా ఉద్యోగం. దాన్ని ఈ ఎండలో పెడితే ఎంతోసేపు నిలబడదు, కూలబడి కారిపోతుంది. ఇది పిండిది, కదలదు. పెట్టి చూద్దాం రండి" అని పళ్ళెం తీసుకెళ్ళి ఎదురుగా గేటు గోడ మీద, నడి ఎండలో పెట్టాను. పంతులుగారు కూడా మంత్రం ఆపి బయటికొచ్చారు. అరగంట నిలబడ్డాం. బాలనర్సమ్మ తన బుట్ట దించి కాకులు వాలకుండా కొంగుతో విసిరింది. ముక్కల అంచులు కూడా చెదరలేదు. చీమలు మాత్రం బారులు తీరాయి.

"సూస్తివా సుశీలమ్మా, సీమలకు గూడ ఎర్కయింది మంచిదని" అంది బాలనర్సమ్మ. అందరూ నవ్వారు. సుశీల కూడా నవ్వింది. చీమలు పట్టనివి తీసి పంతులుగారు నైవేద్యం పెట్టారు. సగంమంది తిన్నారు, సగంమంది కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నారు. వేసుకోనీ. పిండిమరక పడితే వాళ్ళ జేబులే కదా.

ఇంతవరకూ నేను గెలిచిన కథ. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ పళ్ళెం తీసుకుని వస్తుంటే సుశీల వెనకే వచ్చింది.

"ఏమనుకోకు అన్నా, తొందరపడి అన్న. ఒక్క ముచ్చట అడుగుత. వదిన ఎప్పుడూ జెప్తది, మీరు పిండితోని జేసిన క్యాప్సూల్లే సూసి తెచ్చిస్తరని. గవి యాడ దొరుకుతయి? మా అత్త దీక్ష మాల ఏసుకున్నది, గోలీలు మింగనంటాంది."

కనుక్కుని చెప్తానని ఇంటికొచ్చేశాను.

కామేశ్వరీ, శ్రీలేఖ మూడో తరగతిలో ఉండగా నీకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు క్యాప్సూళ్ళు రాశాడు. ఒళ్ళు కాలిపోతూ, మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుని, "ఇవి మీరు చేసే రకమేనా?" అని అడిగావు. "కాదు, ఇవి పిండితో చేసినవి" అన్నాను. నమ్మి మింగావు. అవి పిండివి కావు. మా కంపెనీలో ఏ జెలటిన్‌తో చేస్తామో అవీ దాంతోనే చేసినవి. ఆ తర్వాత దగ్గుకి, రక్తం తక్కువని, మోకాళ్ళకి ఎప్పుడు క్యాప్సూల్ రాసినా నువ్వు అడిగావు, నేను పిండివే అన్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వేసుకునే డి విటమిన్ గోలీ కూడా అంతే.

మొదటిసారి అబద్ధం నీ ప్రాణం కోసం ఆడాను. దానికి నేను క్షమాపణ అడగను. మళ్ళీ అదే జ్వరం వస్తే మళ్ళీ అదే అంటాను. కానీ తర్వాతవన్నీ ప్రాణం కోసం కాదు. సిరప్ ఉందా అని డాక్టర్ని అడగొచ్చు, బిళ్ళలు అడగొచ్చు. అడగలేదు. ఎందుకంటే నువ్వు నన్ను బాత్రూంలోకి పంపిన ప్రతి రోజూ, నెత్తిన నీళ్ళు పోసుకుంటూ లోపల ఒక మాట అనుకునేవాణ్ణి: నన్ను గడప బయట నిలబెట్టింది కానీ నా పని తన కడుపులోకి వెళ్ళిందిలే అని. అది కసి. అంతకంటే మంచి పేరు దానికి లేదు. ఇరవై ఏళ్ళు నవ్వుతూ నీళ్ళ గ్లాసు అందిస్తూ ఆ కసి తీర్చుకున్నాను. దానికి సిగ్గుపడుతున్నాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను, దీనికొక్కదానికే.

ఆ డి విటమిన్ మందు కోపంతో ఒక్కసారిగా మానెయ్యకు. పొడి రూపంలోనూ దొరుకుతుంది, డాక్టర్ని అడిగి మార్పించుకో. సుశీలకి రేపు నేనే వెళ్ళి నిజం చెప్తాను. కాలనీ అంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నీ మడి పోయిందని ఎవరైనా అంటే, పోగొట్టినవాడు ఫలానా ఇంట్లో ఉన్నాడు, వచ్చి అడగమని నా పేరు చెప్పు.

మిగతా వాటికి మాత్రం తల వంచను. నా ఉద్యోగానికి వంచను. నీ వంటింట్లోకి వెళ్ళినందుకు వంచను. నువ్వు వచ్చాక కూడా వెళ్తాను. ఎండాకాలం కాబట్టి రోజుకి రెండు స్నానాలు చేస్తున్నాను, కానీ అది ఉక్కపోతకి, నీ గడప కోసం కాదు. పాకం అడుగంటి నీ ఇత్తడి గిన్నె అడుగు కొంచెం నల్లబడింది. చింతపండుతో తోముతున్నాను.

మనవడికీ ధరణికీ నా ముద్దులు. శ్రీలేఖని ఎక్కువ సేపు కూర్చోవద్దని చెప్పు. నువ్వు ఎప్పుడొస్తావో రాయి. రానని రాసినా సరే, రాయడం మాత్రం మానకు.

డబ్బా తాడు విప్పగానే ముందు ఈ ఉత్తరమే నీ చేతికొచ్చి ఉంటుంది. కావాలనే పైన పెట్టి కట్టాను. అప్పుడు నువ్వు నా మాట నమ్మి తెలియక మింగావు. ఈసారి అన్నీ తెలిసి తిను, లేదా అన్నీ తెలిసే మానెయ్. ఇది మాత్రం పిండితోనే చేశాను, కామేశ్వరీ.

ఇట్లు,
శ్రీలేఖ నాన్న