పెద్దాయన కుర్చీ

చిరంజీవి ‘ఎందుకు’కి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ అక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను. నమ్మకానికి రుజువులు అడగకూడదన్నది మన వృత్తి ధర్మం కనుక అడగడం లేదు. ముప్పై ఏళ్ళొచ్చినా ఈ ముద్దుపేరు వదలవా అని విసుక్కోకు. నాలుగేళ్ళప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని మీ నాన్న ప్రాణం తోడేస్తే ఆయన పెట్టిన పేరది. నేను మార్చలేను.

మీ నాన్న ఉద్యోగం మానినా ప్లాన్లు గీయడం మానలేదు. వంటింట్లో ఒక అర కొట్టాలని పోయిన నెల అన్నాను. ఇప్పటికి గ్రాఫు కాగితం మీద నాలుగు అరలు తయారయ్యాయి, గోడ మీద ఒక్కటీ లేదు. నా నడుము సంగతి అడిగావు. పుస్తకాలు మోయకపోతే బాగానే ఉంటుందన్నాడు డాక్టరు. ఇంకో నాలుగు నెలల్లో నా పదవీ విరమణ, డిపార్టుమెంటులో గది ఖాళీ చేయాలి, రెండు బీరువాల నిండా పుస్తకాలే. మోయకుండా ఎలా అంటే, చదవకుండా ఉండాల్సింది అన్నాడు.

నీ క్లాసులో ఒకమ్మాయి లేచి, ఏ మతాన్నీ పాటించని మీరు మతాల చరిత్ర ఎలా చెబుతారని అడిగిందని రాశావు. నన్నూ ఏడాదికొకరు అడిగారు. పళ్ళ డాక్టరుకు పంటినొప్పి ఉండనక్కర్లేదమ్మా అనేదాన్ని. క్లాసంతా నవ్వేది, ఈలోపు గంట కొట్టేవారు, బతికిపోయేదాన్ని. కానీ అది జవాబు కాదు. డాక్టరు రాసిన చీటీ పన్ను చదవదు. మనం రాసింది మనుషులు చదువుతారు. ఆ అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పు: బయట నిలబడి చూసేవాళ్ళకు పెద్ద ప్రమాదం తెలియకపోవడం కాదు, ముందే తెలిసిపోవడం. మనం పోలికలు వెతుక్కుంటూ పోతాం, పోలికలే దొరుకుతాయి. పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చనే.

ఇక అసలు సంగతి. నా పుస్తకం కొత్త ముద్రణకు నువ్వు రాస్తున్న ముందుమాట సగమైందని, నేను పరిశోధనకు వెళ్ళిన ఆ మేడ మీది గదిలో మొదటి రోజు ఏం జరిగిందో చెబితే దానితోనే మొదలుపెడతానని రాశావు. నెలాఖరులోగా పంపాలని ప్రచురణకర్త నాకూ ఫోన్ చేశాడు. ఆ ముందుమాట ఇంకా పంపకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, ఆ తర్వాత నీ ఇష్టం. దానిమీద చాలా ఆధారపడి ఉంది. నీ సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం కూడా.

నీకు తెలిసిన కథే, అయినా మొదటినుంచి చెబుతాను. ఇరవై ఆరేళ్ళ కిందట సైకిలు షాపు మేడ మీద గదిలో వారానికి ఒకసారి ఓ పాతికమంది చేరేవారు. గంటసేపు చాపల మీద కళ్ళు మూసుకుని మాట్లాడకుండా కూర్చునేవారు, లేచి వెళ్ళిపోయేవారు. వీధివాళ్ళు వాళ్ళను ‘మౌనం వాళ్ళు’ అనేవారు. వాళ్ళకు గ్రంథం లేదు, పూజారి లేడు, గోడమీద పటం లేదు. ముందు వరసలో ఒక కుర్చీ మాత్రం ఉండేది, అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. కుట్టుపని చేసే ఒకావిడ నాతో కాస్త చనువుగా ఉండేది. టేపురికార్డరు పెట్టి ఆవిడను అడిగాను. నువ్వు కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు ఇవే.

“ఈ కుర్చీ ఎవరిదక్కా?”

“పెద్దాయనది.”

“ఆయన వస్తారా?”

“వస్తారో రారో. మనం మాత్రం ఉంచాలి కదా.”

ఆ ‘పెద్దాయన’ మీద నలభై పేజీలు రాశాను. పేరు పెట్టని దైవం, రాకపోయినా చోటు ఉంచడం, గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ ఆయనది కావడం, మిగతావాళ్ళంతా దానికంటే కింద కూర్చోవడం. నాకు ఉద్యోగం, పేరు, మూడు ముద్రణలు అన్నీ ఆ నాలుగు వాక్యాల చలవే. వాటిమీదే నువ్వు నీ మూడో అధ్యాయం కట్టావు.

పోయిన నెల గది సర్దుతూ పాత టేపులన్నీ లైబ్రరీకి ఇచ్చాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే ఆవిడ ఒక రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, ఒకసారి విని సరిచూడమని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. నాలుగు వాక్యాలూ వచ్చాయి. టేపు ఆగలేదు. కుట్టుపని ఆవిడ గొంతు అదే ఊపులో సాగింది: “మోకాళ్ళు వంగవు పాపం, కింద కూర్చోలేరు. వారం నుంచీ జ్వరమట, ఇస్త్రీ కొట్టు కూడా తీయలేదు.”

పెద్దాయనంటే మూల మీద ఇస్త్రీ కొట్టు ముసలాయన, తల్లీ. ఆయన కోసం కింద సైకిలు షాపులోంచి కుర్చీ అడిగి తెచ్చారు. వాళ్ళ దగ్గరున్న కుర్చీ అదొక్కటే. నేను వెళ్ళిన నెలరోజులూ ఆయన మంచాన ఉన్నాడు. ఇంత పెద్ద మాట నా పనిలో ఎలా తప్పిపోయిందో అనుకుంటూ హెడ్‌ఫోన్లు తీసి లైబ్రరీ ఆవిడకు ఇచ్చేశాను. ఈ పెద్దాయన అచ్చం మా తాతలా ఉన్నాడే మేడమ్ అని ఆవిడ నవ్వింది.

మర్నాడే సైకిలు షాపు దగ్గరికి వెళ్ళాను. షాపు ఇప్పుడు మోటారు సైకిళ్ళకు మారింది, మేడ మీది గది అలాగే ఉంది. మౌనం వాళ్ళు ఇప్పుడు వందమంది పైమాటే. కుట్టుపని ఆవిడ అల్లుడే అంతా చూసుకుంటున్నాడు. మనిషి మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. నా పుస్తకం అట్టవేసి దాచుకున్నాడు. కుర్చీ చుట్టూ నాలుగు కర్రలు నిలబెట్టి తాడు కట్టారు. దానికి రోజూ దుమ్ము దులుపుతారట, మీదనుంచి నీడ కూడా పడనివ్వరట. ఇవన్నీ నా పుస్తకంలో లేవు, వాళ్ళు కలుపుకున్నవి.

కుట్టుపని ఆవిడ గదిలో లేదు. మెట్ల మీద కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. కింద కూర్చుంటే లేవలేదు. కొన్నాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని గంటసేపూ నిలబడిందట, అది కూడా చేతకాక మెట్ల మీదికి వచ్చేసింది. లోపల ఇంకో కుర్చీ వేయొచ్చు కదా అని అల్లుడిని అడిగాను. పెద్దాయనతో సమానంగా ఎవరు కూర్చుంటారండీ, మీరే రాశారు కదా అందరూ కిందే అని, అన్నాడాయన. పేజీ నంబరు కూడా చెప్పాడు.

ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుని, ఇస్త్రీ పెద్దాయన గుర్తున్నాడా అక్కా అని అడిగాను. గుర్తున్నాడంది. ఆయన కుర్చీ గుర్తుందా అంటే, చీర కొంగు మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకప్పుడు అది ఆయన కుర్చీయే అనుకునేదట. అలా అంటే ఇంట్లో అందరూ నవ్వారట, అత్తయ్యకు మతిమరుపు మొదలైందని. “నేనే నీతో చెప్పానటగా, పుస్తకంలో ఉందటగా. చదువుకున్నదానివి, ఊరికే రాస్తావా? చెప్పే ఉంటాను. ఈమధ్య నాకేం గుర్తుండి చావడం లేదు,” అంది.

ఏ పద్ధతుల పుస్తకంలోనూ ఈ సమస్య గురించి చదవలేదు నేను. సాక్షి మాట పుస్తకంలోకి వస్తుందని మనకు తెలుసు. పుస్తకం వెళ్ళి సాక్షి బుర్రలో కూర్చుంటే ఏం చేయాలి?

ఇంతవరకు రాసి, కాఫీ తాగి వచ్చి మళ్ళీ చదువుకున్నాను. ఆ మాట నా పనిలో ‘ఎలా తప్పిపోయిందో’ అని పైన రాశాను చూడు. అది అబద్ధం. కొట్టివేయకుండా అలాగే ఉంచుతున్నాను, ఒకసారి కొట్టివేసినదాని ఫలితం చాలు. టేపు విని రాసుకున్న నోటుబుక్కు బీరువాలో కింది అరలో ఉంది. అందులో మోకాళ్ళ వాక్యం నా చేత్తో రాసి ఉంది. దాని మీద పెన్సిలు గీత ఉంది. పక్కన ‘అనవసరం’ అని ఉంది, అది కూడా నా చేతిరాతే. అప్పటికి మా పరిశోధన గైడు దగ్గర, దేవుడి కోసం ఖాళీగా ఉంచే ఆసనాలకు వేరే దేశాల నుంచి రెండు ఉదాహరణలున్నాయి, మూడోది దొరికిందా అని వారానికోసారి అడిగేవాడు. దొరికిందని ముందే చెప్పేశాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఆరు వారాల్లో ఉంది. ఆ వాక్యం ఉంటే అది ఒక ముసలాయన కుర్చీ, లేకపోతే పుస్తకం. నాకు ఆ రోజే తెలుసు. ఇరవై ఆరేళ్ళు తెలియనట్టు ఉండటం పెద్ద కష్టం కాలేదు, అదే ఇప్పుడు నాకు సిగ్గు.

మీ నాన్నకు చెప్పాను. గ్రాఫు కాగితం పక్కన పెట్టి, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం విన్నాను గానీ, ముడిపెట్టడానికి మోకాలినే మాయం చేయడం ఇదే వినడం అన్నారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. సాయంత్రం చెప్పులేసుకుని, పద, ఆవిడకు వినిపించి వద్దాం అన్నారు.

వెళ్ళాం. మెట్ల మీదే, ఆవిడకూ అల్లుడికీ టేపు వినిపించాను. నోటుబుక్కు తెరిచి గీత చూపించాను, ఎందుకు కొట్టేశానో చెప్పాను. అల్లుడికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఇలా అన్నాడు:

“మీరు రాసినప్పుడు అది నిజం కాకపోవచ్చండీ. ఇప్పుడు మాకు అదే నిజం. కళ్ళు మూసుకుంటే మాకు ఆ కుర్చీయే కనబడుతుంది. ఈరోజు వచ్చి ఇస్త్రీ ఆయనదంటే, వందమంది ఎక్కడికి పోవాలి?”

నేను జీవితమంతా పాఠం చెప్పింది ఆ మాటే. జనం ఏది నమ్ముతారో అదే వాళ్ళ మతం, దాని పుట్టుక వేరు, దాని విలువ వేరు. నా పాఠం నాకే అప్పజెబుతున్నాడు. అత్తగారి సంగతి మరి అన్నాను. ఆయన తల దించుకున్నాడు. నా ఒక్కడి మాట మీద తాడు విప్పితే ఎవరూ ఒప్పుకోరు, టేపులో గొంతు ఎవరిదైనా కావచ్చంటారు, పుస్తకంలో వేయించండి, అది చూపించి అడుగుతాను అన్నాడు. ఆయన నమ్మకమంతా పుస్తకం మీదే, ఏం చేస్తాం.

కుట్టుపని ఆవిడ ఇదేదీ వినిపించుకోలేదు. టేపు మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాను. మూడోసారి కూడా. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

“అయితే నాకు మతి పోలేదన్నమాట,” అంది.

అంతే అంది. నాకు ఏడుపొచ్చింది, తల్లీ. ఆవిడ ముందు ఏడ్చే హక్కు లేదని మెట్లు దిగి మోటారు సైకిళ్ళ మధ్య నిలబడ్డాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను. మొదటి రోజు ఏం జరిగిందని అడిగావు కదా, ఇదీ జరిగింది. ముందుమాట కూతురిగా రాయకు. టేపు నకలు, నోటుబుక్కులో ఆ పేజీ ఫొటో ఇందులో పెడుతున్నాను. గీత బాగానే కనబడుతోంది. నన్ను కాపాడే మాట ఒక్కటి రాసినా నేను ఒప్పుకోను. ‘పొరపాటు’ అని రాయొద్దు, ‘తెలిసి తీసేసింది’ అని రాయి. నీ మూడో అధ్యాయం కూలుతుంది, ఏడాది పని పోతుంది. దానికి నీ కాళ్ళు పట్టుకోవాల్సినదాన్ని నేను. అమ్మనైపోయాను కనుక ఉత్తరంతో సరిపెడుతున్నాను. నా మీద కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ, ఫోన్ చేయకపోయినా ఏమీ అనుకోను. కానీ రాయడం మాత్రం ఆలస్యం చేయకు. నువ్వు రాసేదాకా ఆవిడ మెట్ల మీదే కూర్చుంటుంది.

ఇట్లు,
నీకు పాఠం తప్పుగా చెప్పిన
మీ అమ్మ